పాట కింద నీ పేరు

చిరంజీవి రమ్యకు,

ఉద్యోగం మానేసి పాటల మీదే బతుకుతానన్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. భద్రకాళి బండ్ మీద గిటారు పెట్టె తెరిచి, పక్కన క్యూఆర్ కోడ్ అట్ట నిలబెట్టి పాడే కూతురిని చూసి నలుగురూ ఏమనుకుంటారోనని వాడి బాధ. నాకా బాధ లేదు. శారద కథలవాళ్లు, బుడగజంగాలు గడప ముందు పాడితే చాటతో బియ్యం పోసిన ఇల్లు మనది. వీధిలో పాడేవాళ్లను చిన్నచూపు చూసే హక్కు వాడికెక్కడిది?

గొంతు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచుకో. రాత్రి 10 దాటాక స్పీకరు పెడితే చట్టం ఒప్పుకోదు. 8 దాటాక నువ్వక్కడుంటే నేను ఒప్పుకోను.

నా భయం వేరు. ఏదో ఆడియో కంపెనీ నీ పాటలన్నిటికీ కలిపి ఒప్పందం పంపిందట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మా పెళ్లైన కొత్తలో మీ మామయ్య సొంతంగా పాటలు కట్టి, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో పాడేవారు. క్యాసెట్ల కాలం అది. ఒక కంపెనీవాళ్లు పిలిచి పాడించుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకున్నారు. ఆయన చదవనేలేదు. చేతిలో పడిన డబ్బుతో ఇంటికి ఫ్యాను, నాకు చీర తెచ్చారు. క్యాసెట్ వచ్చాక అట్ట తిప్పి చూస్తే, చీమల్లాంటి అక్షరాల్లో ‘రచన: జానపదం’ అని ఉంది. బతికున్న మనిషిని పట్టుకుని జానపదం అంటారేమిటని నేను లబలబలాడితే ఆయన నవ్వారు. "జనం పాడుకుంటే చాలదా?" అన్నారు. జనం పాడుకున్నారు. పెళ్లి ఊరేగింపుల్లో, ఎన్నికల ప్రచారాల్లో, ఆటోల్లో. మొన్న మీ బావ ఆ పాటే ఆయన చేత పాడించి యూట్యూబులో పెడితే, హక్కులు తమవంటూ ఎవరో క్లెయిము వేశారు. తన పాట తాను పాడినందుకు! ఈసారి ఆయన నవ్వలేదు. కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

జానపదమంటే నాకు తక్కువ చూపు లేదమ్మా. పాత బతుకమ్మ పాటలు ఎవరు కట్టారో ఎవరికి తెలుసు? కానీ నిన్న రాసిన పాటను కూడా అందులో కలిపేసి, ‘సేకరణ’ అంటూ తమ పేరు వేసుకునే ఘనులు మన దగ్గర తక్కువ లేరు.

అందుకే పాట కట్టగానే తేదీ వేసి రాసుకో, ఫోనులో పాడి దాచుకో. ఒప్పందంలో ఎంతకాలానికి, ఏ దేశాలకు, ఏ వాడకానికి అన్నది వెతుకు. గడువు రాయకపోతే కాపీరైట్ చట్ట ప్రకారం 5 ఏళ్లే. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా’ అని రాయించుకుంటారు. పాట హక్కులు రాసిచ్చినా, ఆ పాట వాడినందుకు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు రావలసిన సమాన వాటాను వదులుకోవడం ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత కుదరదు. వదులుకున్నట్టు ఎవరైనా రాయించుకున్నా చెల్లదు. మీ మామయ్య సంతకం చేసిన రోజుల్లో ఈ ఆసరా లేదు. 1969 నుంచి ఉన్న పాటల రచయితల, స్వరకర్తల సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో, రాయల్టీ వసూలు చేసి పెట్టేది వాళ్లే. రికార్డింగు ఖర్చు నువ్వే భరించి మాస్టర్, అంటే అసలు రికార్డింగు, నీ దగ్గరే ఉంచుకో. నీ యూట్యూబు ఛానల్లోనే విడుదల చెయ్యి. మామూలు వీడియోలకైతే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటే గానీ ప్రకటనల డబ్బు రాదు. ఆలస్యమైతే కానివ్వు, డబ్బుకు ఇబ్బందైతే నన్నడుగు. ఆ కంపెనీని అడగకు.

ఆదివారం ఆ కాగితం పట్టుకుని హనుమకొండ రా. సంతకం పెట్టి మాత్రం రాకు. అక్షరం అక్షరం తానే చదువుతానని మీ మామయ్య కళ్లజోడు కూడా మార్పించుకున్నారు. పొద్దుటిపూటే ఆయనకు ఓపిక, 9 కల్లా వచ్చెయ్యి. టిఫిను ఇక్కడే.

మీ మేనత్త