గూజ్ బీరు పుల్లగా ఉంటే పాడైనట్టు కాదండీ

బ్రస్సెల్స్ నుంచి తెచ్చుకున్న కాంటియోన్ గూజ్ (బెల్జియం వాళ్ళ పుల్లటి బీరు) సీసా తెరిస్తే పుల్లగా ఉందని, అడుగున మడ్డి కనిపించిందని, పారబోయాలా అని అడిగారు. దయచేసి పారబోయకండి! అది ఉండాల్సిన రుచే.

బ్రస్సెల్స్‌లోని ఆండర్‌లెక్ట్ ప్రాంతంలో ఉన్న కాంటియోన్ బ్రూవరీని 1900 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. వాళ్ళు ఈస్ట్ కొని కలపరు. కాచిన గోధుమ, బార్లీ రసాన్ని అటక మీద వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా చల్లారబెడతారు. గాలిలోని ఈస్టే అందులో పడుతుంది. మన కల్లు తనంతట తాను పులిసినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ చలికాలమే కావాలి. వేసవిలో చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువ కాబట్టి అప్పుడు కాచరు. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచి, 1, 2, 3 ఏళ్ళ లాంబిక్‌లను (ఇలా గాలిలోని ఈస్ట్‌తో పులిసిన బీర్లను) కలిపి సీసాలో పోస్తారు. కుర్ర లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలోనే మళ్ళీ పులిసి నురగ తెస్తుంది. మీరు చూసిన మడ్డి ఆ ఈస్టే.

ఇంకో సీసా ఉంటే ఒక రోజు నిలబెట్టి ఉంచి, కదపకుండా మెల్లగా వంచండి, మడ్డి అడుగునే ఉంటుంది. మరీ చల్లగా వద్దు, 12 డిగ్రీలు చాలు. తడిసిన అట్టముక్క వాసన వస్తే మాత్రం బిరడా తేడా చేసినట్టే, అప్పుడు తాగకండి.