మీరడిగిన్రు, మేం చెప్తున్నం: సొంత పాటలు, క్యాసెట్లు, రికార్డులు

ప్రశ్న: మేం నలుగురం కలిసి సొంత పాటలు చేస్తున్నం అన్నా. డప్పు, గిటార్, కీబోర్డు. 35 నిమిషాల పాటలు తయారైనయి. నెట్ల పెడితె ఎవరు ఇంటున్నరో ఏమో తెలుస్తలేదు, చేతుల పట్టుకునేటట్టు ఏదన్న తీద్దామనుకుంటున్నం. గ్రామఫోన్ రికార్డు వెయ్యాల్నా, క్యాసెట్ వెయ్యాల్నా? (బ్యాండు పిల్లలు, కాజీపేట)

జవాబు: క్యాసెట్‌తోనే మొదలుపెట్టుండ్రి తమ్మీ. రికార్డు మంచిది కాదని కాదు, దాని ఖర్చు లెక్కే వేరే. ముందుగాల మాస్టర్ డిస్కు మీద గాడి కొయ్యాలె, దాని మీద లోహం పూత ఎక్కించి అచ్చు తియ్యాలె, ఆ అచ్చుతోని ప్రెస్సుల వెయ్యాలె, ఈ ముందటి ఖర్చంత పది కాపీలు తీసినా మూడొందలు తీసినా అంతే పడ్తది, అందుకే తక్కువ తీస్తె ఒక్కొక్క కాపీ రేటు చూసి కొనేటోడు భయపడ్తడు. క్యాసెట్‌కు ఆ బాధ లేదు, ఖాళీవి తెచ్చుకొని ఒక ముప్పై ఎక్కించుకొని, అవి అయిపోయినంక ఇంకో ముప్పై చేస్కోవచ్చు. బయటి దేశాలల్ల చిన్న బ్యాండ్లు చేసేది గూడ ఇదే. బ్యాండ్లు సొంత పాటలు అమ్ముకునేటందుకు 2008ల మొదలైన బ్యాండ్‌క్యాంప్ సైటు మీద క్యాసెట్ కొంటె అవే పాటల డౌన్‌లోడ్ గూడ వస్తది, అందుకే టేప్ రికార్డర్ లేనోళ్లు గూడ కొంటరు.

మీకు సీ-60, అంటె మొత్తం 60 నిమిషాల క్యాసెట్ సాలు, పక్కకు 30 నిమిషాలు పడ్తది. సీ-120 అస్సలు తేవద్దు, రీలు మరీ పల్చగుంటది, సాగుతది, మెషీన్ల చుట్టుకుపోతది. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ ఉంటె హై స్పీడ్ డబ్బింగ్ బటన్ నొక్కకుండ్రి, టైం పడ్తె పట్టనీ, మామూలు స్పీడులనే ఎక్కించుండ్రి, లేకపోతె గజ్జెల చప్పుడు, తాళం చప్పుడు మొద్దుబారిపోతయి. ఎక్కించినంక రీలు కనపడే అంచుకు ఎదురంచుల రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటయి, అవి విరిచెయ్యుండ్రి, ఇగ ఎవ్వరు పొరపాటున రికార్డ్ బటన్ ఒత్తినా మీ పాట చెరిగిపోదు.

ఇంకొక మాట, ఇది నాకు అన్నిటికంటె ముఖ్యం. లోపలి కార్డు మీద అందరి పేర్లు రాయుండ్రి. డప్పు ఎవరు కొట్టిన్రు, కోరస్ ఎవరు పాడిన్రు, ఏ ఊర్ల ఏ నెలల రికార్డు చేసిన్రు, అన్ని. మేడారం జాతరల, వేములాడ గుడి ముంగట కుప్పలు పోసి అమ్మిన క్యాసెట్లు యాదికున్నయా, అట్ట మీద సమ్మక్క సారలమ్మ బొమ్మో రాజన్న బొమ్మో పెద్దగుంటది, పాడినోళ్ల పేరు ఉంటె ఉంటది లేకుంటె లేదు, వాయించినోళ్ల పేరైతె వెతికినా దొరకదు. ఆ డప్పు ఇని ఇప్పటికి గూడ ఒళ్లు జలదరిస్తది, ఆ చెయ్యి ఎవరిదో చెప్పేటోళ్లు లేరు. అండర్‌గ్రౌండ్ మ్యూజిక్, పెద్ద కంపెనీలు లేకుంట సొంతంగ తీసే పాట, అంటె విదేశాల సంగతి అనుకుంటం గని 80లల్ల క్యాసెట్ చవకైనంక పెద్ద కంపెనీ గడప తొక్కకుంటనె మన దగ్గర ఎంత పాట బయటికొచ్చిందో చూడుండ్రి, గద్దర్ పాట ఊరూరికి చేరింది సభలల్ల, క్యాసెట్ల మీద, చేతులు మారుకుంట. మీరు చేసేది ఆ పనే, పేర్లు మాత్రం ఈసారి పోనియ్యద్దు.

రేపు డబ్బులు జమైతె రికార్డు గూడ వెయ్యుండ్రి. 12 అంగుళాల దాంట్ల 33 స్పీడు (నిమిషానికి 33 సుట్లు) మీద పక్కకు 20 నిమిషాల లోపు ఉంటె మంచిగ మోగుతది, మీ 35 నిమిషాలు రెండు పక్కలకు సరిపోతయి. అంతకంటె ఎక్కువైతె గాడులు ఇరుకై శబ్దం తగ్గుతది. బేస్, డప్పు దెబ్బ మిక్సింగుల నడుమల పెట్టుమనుండ్రి, ఎడమకొకటి కుడికొకటి వేరె వేరె పోతె సూది ఎగురుతది. లోపలికి పోయినకొద్ది గాడిల సన్నని శబ్దాలు తగ్గుతయి గనుక ప్రతి పక్క ఆఖరుకు నెమ్మదైన పాట పెట్టుకోవాలె.

ప్రశ్న: మా బాపు దాసుకున్న ఒగ్గు కథ క్యాసెట్లు సందుగల దొరికినయి. రీలు మీద తెల్లగ బూజు లెక్క ఉన్నది. పెట్టి వినొచ్చా? (ఒక చెల్లె, జమ్మికుంట)

జవాబు: ఇప్పుడే పెట్టకమ్మా. ఆ ఫంగస్ టేప్ రికార్డర్ల రీలును చదివే హెడ్డుకు అంటి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకు గూడ ఎక్కుతది. మంచియి, బూజుయి వేరె వేరె డబ్బాలల్ల పెట్టు, బూజు వాటితోని సిలికా జెల్ పొట్లాలు పెట్టి కొన్ని రోజులు బాగ ఆరనియ్యి. తర్వాత మాస్క్ కట్టుకొని, ఇంటి బయట కూసొని, మెత్తటి బ్రష్షుతోని పొడిగనే దులుపు, తడి బట్ట వద్దు. నాలుగు మూలల స్క్రూలున్న క్యాసెట్ అయితె విప్పి రీలు వేరె మంచి డబ్బాలకు మార్చొచ్చు, అతికించిన డబ్బా అయితె అలవాటున్న మెకానిక్‌కే ఇయ్యి. ఆఖరుకు ఒక్కసారి పెట్టి టేప్ రికార్డర్ లైన్ అవుట్ (శబ్దం బయటికిచ్చే రంధ్రం) నుంచి కంప్యూటర్ల వేవ్ ఫైలుగ, అంటె శబ్దం కుదించని ఫైలుగ ఎక్కించుకో, ఎంపీత్రీ తర్వాత చేస్కోవచ్చు. గొంతు మూసుకుపోయినట్టు వినపడ్తె హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటది, ఇంతంత తిప్పితె గలగల తేటగ వస్తది, మెకానిక్‌లకు అది తెలుసు.

ప్రశ్న: 1998ల వచ్చిన జానపద క్యాసెట్ నా దగ్గరున్నది, ఎక్కడ దొరుకుత లేదు. వంద కాపీలు చేసి అమ్మొచ్చా సార్? (ములుగు)

జవాబు: అమ్మొద్దు. జానపద పాటకు ఓనర్ లేడు గని ఆ రికార్డింగుకు ఉంటడు. మన చట్టం ప్రకారం రికార్డింగుకు 60 ఏండ్లు కాపీరైట్, అంటె 2058 చివరిదాక. పాడినోళ్లకు గూడ 50 ఏండ్ల హక్కుంటది. క్యాసెట్ మీద కంపెనీ పేరుంటె వాళ్లను, పాడినోళ్లు ఇంక ఉంటె వాళ్లను అడుగుండ్రి, రాతపూర్వకంగ ఒప్పుకుంటె వెయ్యుండ్రి. ఒప్పుకోకపోతె అదే పాటను మీ ఊరి కళాకారులతోని కొత్తగ రికార్డు చేయించుండ్రి, వాళ్లకు పైసలియ్యుండ్రి. నన్నడిగితె నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: సూట్‌కేసు లెక్కుండే చవక రికార్డ్ ప్లేయర్ కొంటె రికార్డులు పాడైతయా? (కరీంనగర్)

జవాబు: చానా వాటిల్ల సూది బరువు 5, 6 గ్రాములు పడ్తది, మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి (సూదిని పట్టుకునే భాగం) 2 గ్రాములు అటు ఇటు సాలు. రోజు అదే రికార్డు వేస్తె గాడి అరుగుతది. కొత్తగ కొన్న బ్యాండు రికార్డులు దాని మీద వెయ్యకుండ్రి, పాతది ఏదన్న వేసి వినడానికైతె పర్వాలేదు. సెకండ్ హ్యాండ్‌ల సూది బరువు సర్దుకునే చెయ్యి (సూదిని మోసే కడ్డీ) ఉన్న ప్లేయర్ చూడుండ్రి, సూది మాత్రం కొత్తది వేయించుకోండ్రి.