కొలువు మారుతున్నా.. కారు లీజు మధ్యలో తెంపుకోవాలా?

ప్రశ్న: మాది హన్మకొండ నయీంనగర్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాను. పీఎఫ్ వాటా పోను ఏడాదికి 19 లక్షల జీతం, కొత్త పన్ను విధానంలో ఉన్నాను. 2024 మేడారం జాతర అయిన మరుసటి నెలలో కంపెనీ ద్వారా నాలుగేళ్ల లీజు మీద పెట్రోల్ కారు తీసుకున్నాం. 1,200 సీసీ లోపుది, ఖరీదు 11.5 లక్షలు. అద్దె జీతంలోంచి పోతుంది. మొదట్లో నెలకు 33,700, అక్టోబర్ నుంచి 31,500. బీమా, సర్వీసింగ్ అందులోనే. ఇప్పుడు నాకు ములుగులో సర్కారు కొలువు వచ్చింది. చేతికి 58 వేలు వస్తాయి. ఫిబ్రవరిలో చేరాలి. ఇంకా 26 నెలల లీజు ఉంది. కారు ఉంచుకోవాలంటే 7.35 లక్షలు కట్టాలని, వాపస్ ఇస్తే వాళ్లు 6.10 లక్షల విలువ కట్టి మిగతా 1.25 లక్షలు వసూలు చేస్తామని హెచ్ఆర్ వాళ్లు చెప్పారు. ఎఫ్‌డీ 5.5 లక్షలుంది. 5 లక్షల చిట్టీ సగం దాకా కట్టాం. అది పాడుకుందామని మా ఆయన అంటున్నారు, 60 వేలు పోతాయట. మామయ్యను నెలకోసారి హైదరాబాద్ చెకప్‌కు తీసుకెళ్లాలి. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, కొలువు వచ్చినందుకు అభినందనలమ్మా. ఇక మొదటి మాట: కారు మాత్రం వాపస్ ఇవ్వకండి.

వాపస్ అనగానే తాళాలిచ్చి చేతులు దులుపుకుని రావడమే కదా అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తగులుతుంది. వాళ్ల మనిషి వచ్చి బండి చుట్టూ తిరిగి రాసుకుంటాడు. బంపర్ మీద గీత, టైరు అరుగుదల, సీటు మీద మరక, ఒక్కోదానికి ఇంతని కోత. మూడేళ్ల కింద కరీంనగర్ నుంచి ఒకాయన అలాంటి జాబితా పట్టుకుని నా దగ్గరకొచ్చారు. అందులో ‘వెనక సీటు, జిగురు మరక’ అని ఒక పద్దు. ఏమిటని అడిగితే నవ్వారు. జాతరకు పోయేటప్పుడు ఎత్తు బంగారం, అదే బెల్లం, ఎండకు కరిగి అంటుకుందట. దానికీ పైసలు కోశారు. మీకు చెప్పిన 6.10 లక్షలు ఈ తనిఖీకి ముందు లెక్కో తర్వాత లెక్కో కూడా అడగాలి. ముందు లెక్కయితే ఇంకా దిగుతుంది. అదే బండికి బయట 6.9 నుంచి 7.1 లక్షలు పలికితే, వాపస్ ఇచ్చి మీరు పోగొట్టుకునేది 80 వేల నుంచి లక్ష. కాబట్టి ధర వాళ్ల నోట వినడం కాదు, హంటర్ రోడ్డు వైపు పాత కార్ల వాళ్లు ఇద్దరు ముగ్గురికి బండి చూపించి మీరే తెలుసుకోండి.

ఇప్పుడు 7.35 లక్షల సంగతి. మీలాంటి వాళ్లు చాలామంది వేసే లెక్క ఒకటుంది: ‘26 నెలలు, 31,500 చొప్పున 8.19 లక్షలు. 7.35 కడితే తెగిపోతుంది. 84 వేలు మిగిలినట్టే.’ ఇంకొందరు దీనికి తలకిందులుగా, ‘లీజులో 30 శాతం పన్ను మిగిలేది, ఇప్పుడు అంతా పోయింది’ అని కుమిలిపోతారు. రెండూ తప్పే. అద్దె పన్ను పడకముందే జీతంలోంచి పోయిన రూపాయి. 7.35 లక్షలు పన్ను కట్టాక చేతికొచ్చిన రూపాయి. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకూడదు.

మీకు నిజంగా మిగిలిందెంతో చూద్దాం. 2025-26 లెక్క ప్రకారం జీతగాళ్లందరికీ ఇచ్చే 75 వేల మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) పోగా మీ ఆదాయం 18.25 లక్షలు. ఇప్పటి అద్దె ఏడాదికి 3.78 లక్షలు. అది జీతంలోంచి తప్పుకుంటుంది. కానీ కారును ఆఫీసుకూ సొంతానికీ వాడుతున్నారు కాబట్టి, 1,600 సీసీ లోపు బండికి నెలకు 1,800 చొప్పున 21,600 తిరిగి ఆదాయంలో కలుస్తుంది. డ్రైవర్‌ను కూడా కంపెనీయే ఇస్తే నెలకు ఇంకో 900. మీకది లేదనుకుంటున్నా. అంటే తగ్గేది 3,56,400. ఇందులో 16 లక్షలకు పైనున్న 2.25 లక్షల మీద 20 శాతం, మిగతా 1,31,400 మీద 15 శాతం, ఆపైన 4 శాతం సెస్సు. మొత్తం 67,300 దాకా వస్తుంది. అద్దెలో 18 శాతం కూడా లేదు! ఆ 30 శాతం మాట 24 లక్షలు దాటినవాళ్లది. లీజు అమ్మేవాళ్లు అందరికీ అదే కాగితం చూపిస్తారు.

అంటే నెలకు 5,600 మిగిలి, అసలు అద్దె 25,900 పడినట్టు. 26 నెలలకు 6.73 లక్షలు. లీజు అయిపోయాక కారు మీదవ్వాలంటే కట్టాల్సిన ఆఖరి విలువ ఒకటుంటుంది. ఒప్పందంలో ఎంత రాశారో మీరు చెప్పలేదు, 1.20 లక్షలనుకుందాం. మొత్తం 7.93. అందులోంచి రెండేళ్ల బీమా, సర్వీసింగ్‌కు ఓ 76 వేలు తీసేస్తే, ఒక్క కారుకే 7.17 లక్షలు. మిమ్మల్ని అడుగుతున్నది 7.35. తేడా 18 వేలు. రెండేళ్లలో కట్టాల్సింది ఒకేసారి కడుతున్నందుకు పోయే వడ్డీ కూడా కలిపితే 60 వేల చిల్లర. లీజు తెంపుకోవడానికి మీరు పెట్టే అసలు ఖర్చు ఇదే. ఇన్నాళ్లూ మిగిలిన పన్నును ఎవరూ వెనక్కి అడగరు.

అక్టోబర్‌లో అద్దె ఎందుకు తగ్గిందో మీకు ఎవరైనా చెప్పారో లేదో. కారు మీద ఏ జీఎస్టీయో దాని అద్దె మీదా అదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ కార్లకు సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. అద్దెలో దింపారు, బాగుంది. లీజు ముందుగా తెంపే (ఫోర్‌క్లోజర్) లెక్కలో దింపారా? పాత కాగితంలో అంకెలు మార్చి పంపేవాళ్లను చూశాను. అసలు ఎంత, ముందుగా తెంపినందుకు వేసే రుసుం ఎంత, పన్ను ఎంత, ఏ తేదీ దాకా ఈ ధర.. నాలుగూ విడివిడిగా రాసిచ్చే లెటర్ అడగండి. నోటి మాట మీద ఒక్క రూపాయి కట్టొద్దు.

డబ్బు కంటే ముందు మీరు చూడాల్సింది ఆర్సీ. దాని మీద ఎవరి పేరుంది? లీజు కంపెనీదైతే పెద్ద చిక్కు లేదు. మీరు చేసే కంపెనీ పేరే ఉంటే మాత్రం ఇంకో లెక్క వస్తుంది. యజమాని తన కారును ఉద్యోగికి అమ్మితే, నిండిన ఒక్కో ఏడాదికి 20 శాతం చొప్పున, తగ్గిన విలువ మీద మళ్లీ తగ్గిస్తూ విలువ కడతారు. మీకు ఏడాదే నిండింది కనుక 11.5 లక్షలు 9.2 అవుతుంది. మీరు కట్టేది 7.35. మధ్యలో ఉన్న 1.85 లక్షలు మీ జీతంగా లెక్కగట్టి 15 శాతం శ్లాబులో 29 వేల దాకా పన్ను కోస్తారు. అదే మార్చిలో రెండేళ్లు నిండాక బదిలీ అయితే విలువ 7.36 లక్షలు, కోసేది ఏమీ ఉండదన్నట్టే! అలాంటప్పుడు ఇంకొన్ని వారాల అద్దె కట్టైనా సరే, బదిలీ తేదీని మార్చికి జరపమని అడగడం దండగ కాదు. ఆర్సీ లీజు కంపెనీ పేరున ఉన్నా, ‘ఈ అమ్మకాన్ని జీతంలో కలపం’ అని పేరోల్ వాళ్లతో ఒక మెయిల్ పెట్టించుకోండి.

కారు ఉంచుకోవాలా అనేది దీనికి సంబంధం లేని ప్రశ్న. నన్నడిగితే, 7.35 కట్టి విడిపించుకుని బయటివాళ్లకు అమ్మేయమంటాను. హన్మకొండ నుంచి ములుగు యాభై కిలోమీటర్లు. రోజూ కారులో పోయి వస్తే నెలకు 24 రోజులు, 2,400 కిలోమీటర్లు. లీటరుకు 16 వచ్చినా 150 లీటర్లు, 107 చొప్పున 16 వేలు. 58 వేల జీతంలో పావు వంతు కంటే ఎక్కువ టాంకులోనే పోస్తారు. బీమా, సర్వీసింగ్ ఇక మీవే. ఇది చాలక, ఏటా బండి విలువ ఇంకో 80 వేలు పడిపోతుంటుంది. బస్సు ఉంది, లేదంటే ములుగులోనే ఇల్లు చూసుకోవచ్చు. మామయ్య చెకప్‌కు నెలకోసారి కారు మాట్లాడుకున్నా ఆ పెట్రోల్ పైసల్లో సగం కూడా కాదు. ఉన్న కారు అమ్ముకుంటే చుట్టాలేమంటారో అన్న బెంగ మీ ఉత్తరంలో లేదు, సంతోషం. చాలామందికి అదే అసలు సమస్య.

అమ్మేటప్పుడు లీజు కంపెనీని ఒకటి అడగండి: మేం చూపించిన మనిషికే నేరుగా అమ్ముతారా అని. ఒప్పుకుంటే ఒక బదిలీ తప్పుతుంది, 7.35 లక్షల్లో మీ చేతి నుంచి పడేది 25 వేల నుంచి 45 వేల తేడాయే. ఒప్పుకోకపోతే ముందు మీ పేరుకు మార్పించుకోవాలి. ఫారం 29, 30 మీద వాళ్ల సంతకాలు డబ్బు కట్టిన రోజే తీసుకోండి. పేరు మారిన 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలపాలి. కొత్త కారుకు కట్టిన మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2027 మార్చి దాకా నడుస్తుంది, దాన్ని మళ్లీ కట్టించుకుంటామంటే ఒప్పుకోవద్దు. క్లెయిమ్ చేయనందుకు బీమాలో ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మాత్రం బండితో పాటు రాదు.

చిట్టీ పాడొద్దు. మీకు డబ్బు కావాల్సింది బండి అమ్ముడుపోయే రెండు నెలలకే. ఎఫ్‌డీ కదిలించకుండా దాని మీద 90 శాతం దాకా ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, 4.95 లక్షలు వస్తాయి. మిగతా 2.4 లక్షలకు బ్యాంకులో బంగారం పెట్టండి. రెండింటికీ కలిపి రెండు నెలల వడ్డీ 10 వేలు దాటదు. చిట్టీలో పోయేది 60 వేలు. ఒకవేళ నా మాట కాదని కారు ఉంచుకున్నా, ఎఫ్‌డీ తీసి మిగతా 2 లక్షలు 12 శాతానికి రెండేళ్ల అప్పు తెచ్చుకుంటే వడ్డీ 26 వేలే.

ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోసుకుంటాం అంటే అద్దె బాకీ వరకే ఒప్పుకోండి. పీఎఫ్, గ్రాట్యుటీ జోలికి రానివ్వకండి. రాజీనామా ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ముందు ఆ నాలుగు వివరాల లెటర్ చేతికి తెచ్చుకుని, ఆర్సీ మీద పేరు చూసుకుని, ఆ తర్వాత ఇవ్వండి.