పూలు లెక్కపెడితే సరిపోదు, అమ్మడూ

అమ్మడూ,

ఈస్టర్న్ ప్రెయిరీ ఫ్రింజ్డ్ ఆర్కిడ్ అనే అరుదైన అడవి పువ్వు మొక్కలు లెక్కపెట్టడానికి వాలంటీరుగా పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. చికాగో సబర్బ్‌లలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారా, 1989 నుంచి ఫెడరల్ రక్షణలో ఉన్న ఈ పువ్వు సంగతి మాత్రం అడిగితే ఎవరికీ తెలీదు. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు 2 కోట్ల ఎకరాలకు పైగా ఉన్న ప్రెయిరీలో, అంటే గడ్డి మైదానంలో, చెడిపోకుండా మిగిలింది 2,500 ఎకరాలో ఎంతో. మిగతాదాంట్లో చాలావరకు నీళ్ళు బయటికి పంపేసి దున్నేశారు.

కొత్తవాళ్ళకి పూలు ఎక్కువ కనిపిస్తే సంబరం, తక్కువైతే టెన్షన్. నువ్వు రెండూ పెట్టుకోకు. ఈ మొక్క ఏటా పూయదు. ఒక ఏడాది వట్టి ఆకే వేస్తుంది, ఒక్కోసారి అదీ లేకుండా నేలలోనే ఉండిపోతుంది, కాబట్టి పోయినేడు కనిపించిన మొక్క ఈసారి లేదంటే చచ్చిపోయిందని రాసేయకు. పూలు విరగబూసినా అంతా బాగుందని కాదు, ముసలి మొక్కలే పూస్తూ పిల్ల మొక్క ఒక్కటీ రాకపోతే ఆ చోటు మెల్లగా ఖాళీ అయిపోతున్నట్టే. గింజ ముక్కుపొడిలా ఉంటుంది, అందులో తిండి నిల్వ ఉండదు, నేలలో సరైన శిలీంధ్రం తోడు దొరికితేనే బతుకుతుంది, పువ్వు చూడాలంటే ఆ పైన ఏళ్ళు పడుతుంది. అందుకే ఫారంలో పూల కాడలతో పాటు ఆకు మాత్రమే ఉన్నవీ, జింకలు కొరికినవీ, తర్వాత కాయలూ రాయి. వెతికినా దొరక్కపోతే సున్నా వెయ్యి. గడి ఖాళీగా వదిలితే నువ్వు అటు వెళ్ళనే లేదనుకుంటారు.

ఇక పరాగసంపర్కం. పువ్వు వెనకాల సన్నటి పొడుగాటి గొట్టం ఉంటుంది, తేనె దాని అడుగున. అంత పొడుగు నాలుక ఉన్న హాక్‌మాత్‌లు, అంటే రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటలే దీనికి దిక్కు, అందుకే వాసన కూడా చీకటి పడ్డాకే బాగా వస్తుంది. అవి తగ్గిన చోట మనమే ఆ పని చేస్తాం, టూత్‌పిక్‌తో. గొట్టం నోటి దగ్గర రెండు పక్కలా జిగురు బిళ్ళలుంటాయి, పుల్ల మెల్లగా ఆనిస్తే పసుపు పుప్పొడి ముద్ద దానికి అంటుకుని ఊడొస్తుంది. దాన్ని వేరే మొక్క పువ్వులో జిగురుగా మెరిసే చోట అద్దాలి. అదే మొక్క మీద పక్క పువ్వుకి అద్దితే కాయ కాస్తుందేమో గానీ గింజలో పస ఉండదు, ఇలాంటి చిన్న గుంపులకి ఆ సమస్య ఎలాగూ ఉంది. కనిపించిన ప్రతి పువ్వుకీ చేసేయకు, కాయలు మోయడం మొక్కకి భారం. అసలు స్టీవార్డ్, అంటే ఆ చోటు బాధ్యత చూసే మనిషి, చెప్పనిదే ముట్టుకోవద్దు, అనుమతి మీద జరిగే పని ఇది.

కాళ్ళ కింద చూసుకో. పూసిన కాడని అందరూ తప్పించుకుంటారు, పక్కనున్న ఒంటి ఆకునే తొక్కేస్తారు. ఫొటో తీస్తే ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చెయ్యి, ఏ ఊరి దగ్గరో కూడా మన వాట్సాప్ గ్రూపులో పెట్టకు. తవ్వుకుపోయేవాళ్ళు ఉన్నారు. తవ్వి పెరట్లో పెట్టినా అది బతకడం కష్టమే, అయినా ఆశ మానరు కొందరు. పిడుదులుంటాయి, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో.

పూత జూన్ చివర్లో మొదలై పది రోజుల్లో అయిపోతుంది, దానికి ఎంతమందైనా వస్తారు. కాయలు లెక్కపెట్టే వేళకే ఎవరూ దొరకరు. మీ పిన్ని కూతురి పెళ్ళి కూడా ఇంచుమించు అప్పుడే అని విన్నాను. నువ్వు రాలేకపోతే ఇప్పుడే స్టీవార్డ్‌కి చెప్పి వేరే మనిషిని పెట్టించు.

మావయ్య