50 లక్షల్లోంచి ఏటా ఎంత తీసుకోవచ్చు?
అన్నా, రిటైర్మెంట్ డబ్బు 50 లక్షల్లోంచి ఏటా 4 లక్షలు వాడుకోవచ్చా అని అడిగారు. వద్దు, అది 8 శాతం. వచ్చిన వడ్డీ అంతా ఖర్చయిపోతే, ధరలు పెరిగినప్పుడు అసలులో చెయ్యి పెట్టక తప్పదు. అందరూ చెప్పే 4 శాతం లెక్క, అంటే మొదటి ఏడాది 4 శాతం తీసి తర్వాత ధరలను బట్టి పెంచుకోవడం, 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు అమెరికా మార్కెట్లను చూసి, డబ్బు 30 ఏళ్లు సరిపోయేలా వేసింది. మన దగ్గర ధరలు ఇంకా వేగంగా పెరుగుతాయి. నేనైతే 3.5 దగ్గర ఆగుతాను: మొదటి ఏడాది 1,75,000, నెలకు సుమారు 14,600. తర్వాత ధరలను బట్టి పెంచుకోండి. కడపలో సొంతిల్లు ఉందన్నారు, అద్దె బాధ లేదు, అదే పెద్ద బలం. ప్రభుత్వం పెద్దవాళ్ల కోసం నడిపే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేయొచ్చు. మూడు నెలలకోసారి పడే వడ్డీలో మిగిలింది మళ్లీ దాచండి. వదినగారి మందులకు మాత్రం వేరే ఎఫ్‌డీ పెట్టండి.