కల్ కోళ్లను ఇంటికి తెచ్చుకునే ముందు

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ దగ్గర ఆనందపురం వైపు లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోళ్ల ఫారంలో, షెడ్డు ఖాళీ చేస్తున్నారని, గుడ్లు తగ్గాయని అమ్మేసే ఆ కల్ కోళ్లలో ఓ డజను తెచ్చి పెందుర్తి ఇంటి పెరట్లో వదులుదామనుకుంటున్నానని రాశావు. తెచ్చుకో. కానీ డజను వద్దు, నాలుగు చాలు. ఒక్కదాన్నే తెస్తే బెంగ పెట్టుకుని మేత ముట్టదు. పన్నెండు తెస్తే ఏది తింటోందో, ఏది మూలన ముడుచుకుందో నీ కంటికి ఆనదు. మొదటి మూడు వారాలు ప్రతి కోడినీ రోజూ చేతుల్లోకి తీసుకుని చూడాలి. ఉద్యోగం చేసుకుంటూ నాలుగింటిని చూడగలవు, అంతకు మించి కుదరదు.

గుడ్ల మీద ఆశ ఉంటే మాత్రం ఇప్పుడే మానుకో. ఫారాల్లో ఎక్కువగా కనపడే బీవీ 300 లాంటి తెల్ల లెగ్‌హార్న్ కోడి ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెడుతుంది. 72 వారాల వయసు దాటాక, ఒక్కోచోట 80 దాటాక, మేత ఖర్చుకు గిట్టుబాటు కాదని కిలోల లెక్కన లారీకి ఎత్తేస్తారు. అంతవరకూ బోనులో దాని వంతుకు వచ్చేది ఏ4 కాగితమంత జాగా కూడా కాదు. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలోంచి చాలనిది ఎముకల్లోంచి లాగుతుంది. కదలిక లేక ఆ ఎముక మళ్లీ గట్టిపడదు. చివరికి సుద్దముక్కలా తయారవుతుంది. నువ్వు పడే జాగ్రత్తల్లో సగం ఈ ఎముకల కోసమే.

కాబట్టి మొదటి సంగతి, పట్టుకునే పద్ధతి. ఫారంలో కాళ్లు పట్టి, చేతికి మూడేసి చొప్పున తలకిందులుగా వేలాడదీసి తెస్తారు. నీ నాలుగింటినీ అలా పట్టనివ్వకు, కూలీకి ముందే చెప్పు, అవసరమైతే ఓ వంద చేతిలో పెట్టు. చీకటి పడ్డాక, లైటు తగ్గించి పట్టుకుంటే కోడి బెదరదు. రెండు అరచేతులూ రెక్కల మీదుగా వేసి, రెక్కలు ఒంటికి అదిమి ఉంచి ఎత్తాలి. తర్వాత ఒక చెయ్యి రొమ్ము కిందికి జరిపి, కాళ్లు రెండూ వేళ్ల మధ్య ఆనించుకోవాలి. రెక్క పట్టి లాగితే కీలు దగ్గర విరుగుతుంది, ఒక్క కాలు పట్టి లాగితే తొడ ఎముక పోతుంది.

ఎంచుకునేటప్పుడు ఈకలు చూడకు. మెడ బోసిపోయినా, తోక ఊడినా ఆరు నుంచి పది వారాల్లో కొత్త ఈకలు వస్తాయి. బోనులోంచి దించి నేల మీద పెట్టినప్పుడు నిలబడుతోందా లేదా చూడు. కన్ను తెరిచి ఉందా, ముక్కు కారుతోందా, ఊపిరి తీస్తే గురక వస్తోందా చూడు. గురక ఉన్నదాన్ని జాలిపడి తెచ్చావంటే మిగతా మూడింటికీ జబ్బు అంటిస్తుంది. వెనక ద్వారం శుభ్రంగా ఉండాలి, ఎర్రటి కండ బయటికి పొడుచుకొచ్చి ఉండకూడదు. రొమ్ము మధ్య ఎముక కత్తిలా తగిలినా పర్వాలేదు, అన్నిటికీ అలాగే ఉంటుంది. తల మీది ఎర్ర తురాయి పాలిపోయి పక్కకు వాలిపోయినా అంతే.

ఫారం వాళ్లను రెండు అడుగు. కొక్కెర తెగులు టీకా, అదే లసోటా, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు? వాళ్ల మేత ఓ 5 కిలోలు ఇస్తారా? ఆ మేతతోనే మొదటి వారం గడవాలి. మేత ఒక్కసారిగా మారిస్తే అసలు ముట్టవు.

కాలం సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తేవొద్దు. మన ఊరి ఉక్కపోతలో ఆరోగ్యమైన కోడే నోరు తెరిచి రొప్పుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచివి. అయితే బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చేది కూడా ఆ నెలల్లోనే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది గుర్తుందిగా. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లను తీసేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. జిల్లాలో అలాంటి మాట వినపడితే ఆ ఏడాదికి ఈ సంగతి మర్చిపో. పశుసంవర్ధక శాఖ వాళ్లను అడిగాకే బయల్దేరు.

కారులో తెచ్చేటప్పుడు గాలి కన్నాలు పెట్టిన అట్టపెట్టెలు రెండు, పెట్టెకు రెండేసి కోళ్లు. అడుగున గోనె పరుచు. ప్లాస్టిక్ కవరు, న్యూస్‌పేపరు వద్దు, కాలు జారి కీళ్లు విడతాయి. తెల్లవారుజామునో రాత్రో రావాలి, మధ్యాహ్నం వద్దు.

ఇల్లు ముందే తయారుగా ఉండాలి. నాలుగింటికి రాత్రి గూడు 4 అడుగులకు 4 అడుగులు, నేలకు అడుగున్నర ఎత్తున ఇటుకల మీద. పగలు తిరగడానికి కనీసం 40 చదరపు అడుగుల జాలీ ఆవరణ. షాపులో ఆరు మూలల కన్నాలున్న సన్న తీగ జాలీ చూపిస్తారు. అది కోడిని లోపల ఉంచుతుంది గాని కుక్కను బయట ఆపదు, పళ్లతో చింపేస్తుంది. అర అంగుళం కన్నం వెల్డ్ మెష్ తీసుకో. కన్నం పెద్దదైతే పిల్ల ముంగిస దూరుతుంది. మెష్ అడుగు లోతు పాతిపెట్టకపోతే పందికొక్కు కిందనుంచి తవ్వుకొస్తుంది, ఆ బొరియలోంచి పాము వస్తుంది. పైన కూడా జాలీ ఉండాలి, గద్దలున్నాయి. తలుపుకు రెండు గడియలు.

సిమెంటు రేకు కప్పు వేడెక్కుతుంది, పైన కొబ్బరి మట్టలు పరుచు. రేకులను జీఐ తీగతో ఇనప యాంగిల్‌కు కట్టించు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్లకు రేకులు ఎలా ఎగురుతాయో ఎవరూ చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం కోళ్లను పెట్టెల్లో పెట్టి బాత్రూంలోకి మార్చెయ్యి, గూడును నమ్ముకోకు.

గూట్లో వరి ఊక 3 అంగుళాల మందాన పొయ్యి. మన సముద్రపు గాలికి ఊక త్వరగా చెమ్మగిల్లుతుంది. పిడికిట పట్టి నొక్కి వదిలితే విడిపోవాలి, ముద్ద కట్టిందంటే తీసి మార్చు. తడి ఊకలోంచి కళ్లు మండే వాసన వస్తుంది, అందులోనే కాక్సీడియా అనే పేగు రోగపు క్రిమి పెరుగుతుంది. బోనులో బతికిన కోడి తన రెట్ట మీద ఎప్పుడూ నడవలేదు, ఆ రోగాన్ని తట్టుకునే శక్తి దానికి పెద్దగా ఉండదు. తెచ్చిన ఒకటి నుంచి మూడు వారాల మధ్య రెట్టలో నెత్తురు కనపడితే అదే అనుకో. ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు డాక్టరు చేత రాయించుకో. అలాగే నేల మీదికి వచ్చాక పురుగులు పడతాయి, నెల దాటాక నట్టల మందు వేయించు.

ఇప్పుడు మొదటి రోజు. పెట్టె తెరవగానే పరిగెడతాయనుకోకు. ఉన్నచోటే నిలబడిపోతాయి. ఎండ, మట్టి, గిన్నెలో నీళ్లు, ఏదీ ఎరగవు. ఫారంలో నిపుల్‌ను ముక్కుతో తడితే చుక్క పడేది, గిన్నెలో నీళ్లుంటాయని వాటికి తెలియదు. ఒక్కొక్క కోడినీ పట్టుకుని ముక్కు కొస నీళ్లలో ముంచు. ముక్కు కన్నాలు మునగకూడదు. తల ఎత్తి మింగిందంటే నేర్చుకున్నట్టే. గంట గంటకూ మళ్లీ చూపించు. పక్కన ఒక నిపుల్ బాటిల్ కూడా వేలాడదీస్తే ఇంకా మంచిది. మేత ముట్టని కోడి రెండు రోజులు ఆగుతుంది, నీళ్లు తాగనిది ఆగదు. రోజుకు ఒక్కో కోడి పావు లీటరు తాగుతుంది, ఎండల్లో అర లీటరు దాకా పోతుంది.

మేత కోడికి రోజుకు 110 గ్రాములు, నాలుగింటికి దాదాపు అర కిలో. పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కత్తిరించి ఉంటారు, నేల మీద గింజలు చల్లితే పొడవలేక అలసిపోతాయి. లోతు గిన్నెలో 3 అంగుళాల మందాన లేయర్ మాష్, అంటే గుడ్ల కోళ్ల పొడి మేత, పోసి, కొంచెం నీళ్లతో పొడిపొడిగా తడిపి పెట్టు. తడి మేత రెండు గంటలకు మించి ఉంచకు. వారం తర్వాత ఫారం మేత తగ్గిస్తూ కొత్తది కలుపు. నెలకు 14 కిలోలు సరిపోతాయి, చవకగా వస్తోందని 50 కిలోల బస్తా కొనకు. ఈ తేమలో గడ్డ కట్టి బూజు పడుతుంది, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

కొంతమంది ఇంట్లో మిగిలిన అన్నం, నూకలు, తవుడు పెట్టేస్తారు. కడుపు నిండుతుంది, కాల్షియం మాత్రం రాదు, ఎముకలకు ఇంకా చేటు. వేరే చిప్పలో షెల్ గ్రిట్, అంటే దంచిన గుల్లల ముక్కలు, ఎప్పుడూ ఉంచు, ఎంత కావాలో అవే తింటాయి. భీమిలి ఒడ్డున ఏరుకొచ్చిన గుల్లలైతే మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, పెసరగింజంత ముక్కలుగా దంచు. తోటకూర, మునగాకు కట్టకట్టి వేలాడదీస్తే పొడుచుకుంటాయి. నానబెట్టిన చోళ్లు, అదే రాగులు, సాయంత్రం గుప్పెడు. ఊరగాయ, అప్పడాలు, ఉప్పు చేప తగలనివ్వకు, ఉప్పు వాటికి విషమే. గోడవార పచ్చగన్నేరు చెట్టు ఉందన్నావు కదా, అది ఆవరణ బయట ఉండేట్టు జాలీ కట్టించు.

చీకటి పడితే గూట్లోకి పోవాలన్న బుద్ధి కూడా వాటికి ఉండదు. ఉన్నచోటే కూలబడతాయి. నాలుగైదు రాత్రులు నువ్వే ఎత్తి లోపల పెట్టు, తర్వాత వాటంతట అవే పోతాయి. కూర్చునే కర్ర మొదట 6 అంగుళాల ఎత్తుకు మించకూడదు. పైనుంచి దూకితే కాళ్లు విరుగుతాయి. రెండు అంగుళాల వెడల్పు, అంచులు చెక్కి గుండ్రం చేసినది పెట్టు. గోళ్లు బాగా పెరిగి ఉంటే కొసలు మాత్రం కత్తిరించు, లోపల ఎర్రగీత కనిపించే చోటు దాకా పోకు.

ఊడిన ఈకలు చూసి స్వెట్టర్లు అల్లుదామా అన్నావు. బ్రిటన్‌లో అల్లుతారు, అక్కడి చలి వేరు. ఇక్కడ తొడిగితే ఉడికిపోతాయి, కింద పేలు పడతాయి. బోసి చర్మం మీద ఎండ పడకుండా నీడ చూడు. గాయముంటే జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు రాయి. ఎర్రటి మచ్చ కనపడితే పక్క కోళ్లు అక్కడే పొడుస్తాయి, ఊదారంగు దాన్ని కప్పేస్తుంది. ఒక బేసిన్‌లో పొడి ఇసుక, కట్టెల బూడిద కలిపి పెడితే అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి.

మీ అత్తగారి నాటుకోళ్లు రెండు ఉన్నాయన్నావు. 21 రోజులు ఈ నాలుగింటినీ వాటికి దూరంగా ఉంచు. ఫారం కోళ్లకు టీకాలు పడి ఉంటాయి గనక జబ్బు బయటపడకుండానే వైరస్‌ను వదలగలవు, చచ్చేది నాటుకోడి. అందుకని వాటికి ముందే కొక్కెర తెగులు టీకా వేయించు. రోజూ నాటుకోళ్ల పని ముగించాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లు, చెప్పులు మార్చు.

నెల లోపు గుడ్లు ఆగిపోతాయి, ఈకలు రాలతాయి. ఫారంలో 16 గంటలు లైటు, ఇక్కడ 12 గంటల పగలు, అందుకే. లైటు పెట్టి గుడ్లు పెట్టించకు, ఒంటికి ఆ విశ్రాంతి కావాలి. తర్వాత మళ్లీ పెడితే అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టెలో ఊక పోసి, ఒక పింగ్‌పాంగ్ బంతి ఉంచు, దాని పక్కన పెట్టడం నేర్చుకుంటాయి. మందులు వాడే రోజుల్లో వచ్చిన గుడ్లు తినకండి, ఎన్నాళ్లన్నది డాక్టరును అడుగు.

ఆదివారం ఆదివారం తూకం వెయ్యి. కిలోన్నర ఉన్న కోడి 1.2కు దిగిందంటే బయటికి ఏమీ కనపడకపోయినా లోపల ఏదో ఉంది. పొట్ట కిందకి జారి, తోక దించి, నిటారుగా నిలబడి నడుస్తోందంటే గుడ్డు సొన కడుపులో చేరి కుళ్లుతోందని అనుమానించు. ఈ జాతికి అది మామూలు జబ్బు, చాలావాటికి నయం కాదు. గుడ్డు అడ్డం పడి ముక్కుతుంటే గోరువెచ్చని నీళ్లలో నడుము దాకా 20 నిమిషాలు కూర్చోబెట్టి చీకటి గదిలో ఉంచు, అప్పటికీ దిగకపోతే డాక్టరు. సర్కారు పశువైద్యం ఫోన్ నంబరు 1962, గోడ మీద రాసి పెట్టుకో.

నాలుగింట్లో ఒకటి మొదటి రెండు వారాల్లోనే పోవచ్చు, దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు. మిగిలినవి ఏడాది బతకొచ్చు, మూడేళ్లూ బతకొచ్చు. పోయినదాన్ని మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చు, చెత్తబండిలో వెయ్యకు. ఒకే రోజు రెండు పోతే మాత్రం ముట్టుకోకుండా ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యి.

మెష్ బిగించాక గూడు ఫోటో నాలుగు వైపుల నుంచీ తీసి పంపు. గడియలు, కింది అంచు దగ్గరగా కనపడాలి. అది చూశాకే ఫారం వాళ్లకు రోజు చెబుదువు గాని.

మీ పెదనాన్న