బందులు మూడు కొట్టినా తలుపు ఆగదు

ప్రశ్న: మాది నర్సంపేట. వడ్రంగి పని చేస్తాను. మా బిడ్డ వరంగల్‌లో డిప్లొమా మెకానికల్ రెండో ఏడాది. సెలవుల్లో కంప్యూటర్‌లో యంత్రాల బొమ్మలు గీసే ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కోర్సులో చేర్పించాను. పెట్టెలు, గొట్టాలు బాగానే చేస్తోంది కానీ ఏటవాలు ముఖం మీద రంధ్రం పెట్టమంటే ఆగిపోతోంది. ఇంకో 25 వేలు కడితే కాటియా కూడా నేర్పిస్తామని, అప్పుడు ఉద్యోగం గ్యారంటీ అని అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. కాటియాలోనూ ఇవే పాయింట్, లైన్, ప్లేన్ ఉంటాయి. అమ్మాయి అక్కడా ఇదే చోట ఆగుతుంది.

బొమ్మ గీయాలంటే ముందు ఏ బల్లపరుపు మీద గీస్తున్నామో కంప్యూటర్‌కు చెప్పాలి. దాన్నే ప్లేన్ అంటారు. సాలిడ్‌వర్క్స్ తెరవగానే ఫ్రంట్, టాప్, రైట్ అని మూడు ప్లేన్లు సిద్ధంగా ఉంటాయి. పెట్టె, గొట్టం వాటి మీదే అయిపోతాయి. ఏటవాలు వచ్చిందంటే మాత్రం చాలాసార్లు కొత్త ప్లేన్ తనే పుట్టించుకోవాలి.

ఈ సంగతి ఆమెకు మీరే చెప్పగలరు. తలుపుకు బందులు రెండు కాదు, మూడు కొట్టినా అది తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. గడియ పడితేనే ఆగుతుంది. ప్లేన్‌కు కూడా ఒకే గీత మీద లేని మూడు పాయింట్లు కావాలి. గీత మీదివే ఇస్తే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది, పిల్లలేమో అది పాడైందనుకుంటారు. గడియ బదులు తలుపును 30 డిగ్రీలు తెరిచి పట్టుకున్నా సరే. ఒక ముఖం, ఒక అంచు, ఒక కోణం ఇచ్చి ప్లేన్ తెచ్చుకోవడమంటే అదే. ఇక రంధ్రం సంగతి: డ్రిల్లు మొన ఆనే చోటు ఒక పాయింటు, డ్రిల్లు నిలబడే తీరు ఒక దిక్కు. ఈ రెండూ ఇస్తే దానికి మూలమట్టంగా నిలిచే ప్లేన్ ఒక్కటే వస్తుంది.

దిక్కుతో ఇంకో తిప్పలుంది. ప్లేన్‌కు రెండు వైపులుంటాయి. రంధ్రం లోపలికి పోకుండా గాలిలోకి పోతే చాలామంది గీసిందంతా చెరిపేస్తారు. ఒకబ్బాయి నా ముందే మూడుసార్లు చెరిపాడు. దిక్కు తిప్పే బటన్ ఒక్కటి నొక్కితే సరిపోయేది! అలాగే ఆటోక్యాడ్‌లో పైకి చూపేది జెడ్, సాలిడ్‌వర్క్స్‌లో వై. ఒకదాంట్లో నిలబడ్డ బొమ్మ ఇంకోదాంట్లో పడుకొని కనిపిస్తే టెన్షన్ పడొద్దని చెప్పండి.

ఉద్యోగం గ్యారంటీ అన్న మాట నమ్మకండి. వరంగల్‌లో ఈ పని తక్కువ. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు వెళ్లాల్సి వస్తుంది. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ల లిస్టు కన్నా, చేసిన మోడల్‌లో ఒక కొలత మార్చమన్నప్పుడు ఏమవుతుందన్నది ముఖ్యం. కొలత మారితే మాయమయ్యే ముఖాల మీద గీసుకుంటూ పోయిన మోడల్ కుప్పకూలుతుంది. తను నిర్వచించుకున్న ప్లేన్ల మీద కట్టింది నిలబడుతుంది.

ఇంట్లో సాధనకు ఫ్రీక్యాడ్ చాలు, పైసా కట్టక్కర్లేదు. మీ దుకాణంలో ముక్కాలి పీట ఉంటే కొలతలు తీసి చేయమనండి. కాళ్లు బయటికి వాలి ఉండేదైతే మరీ మంచిది. ఒక కాలికే ఏటవాలు ప్లేన్ పెట్టి, మిగతా రెండూ పీట నడిమి ఇరుసు చుట్టూ 120 డిగ్రీల చొప్పున తిప్పి తెచ్చుకోవాలి. అయ్యాక వాలు 10 డిగ్రీల నుంచి 15కు మార్చమని పక్కన కూర్చొని చూడండి. మూడు కాళ్లూ కలిసి జరిగితే ఆ ఫైలును ఇంటర్వ్యూకు దాచుకోమనండి. ఒక్కటే జరిగితే, ఆ ఫైలు తీసుకొని తనకు డ్రాయింగ్ చెప్పే సారు దగ్గరికి వెళ్లమనండి.